ఇరవై సంతకాలకు ఎనిమిది నెలలు: మా సంఘంలో పిల్లల భద్రత కాగితం

మా చర్చి సంఘంలో పిల్లలతో పనిచేసే వాలంటీర్లు ఇరవై ముగ్గురు. సండే స్కూల్ టీచర్లు, వేసవి వి.బి.ఎస్.లో (సెలవుల్లో పిల్లలకి పెట్టే వెకేషన్ బైబిల్ స్కూల్) సాయం చేసే యవ్వనస్తులు, క్రిస్మస్ నాటకం నేర్పేవాళ్లు, క్యారల్స్‌కి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు. వీళ్లందరి చేత రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించాలని 2022 ఆగస్టులో మొదలుపెట్టాను. 2023 ఏప్రిల్ నాటికి ఇరవై సంతకాలు వచ్చాయి. కాగితం రాయడానికి పట్టింది మూడు ఆదివారాలే. మిగతా నెలలన్నీ మనుషులతో మాట్లాడటానికే సరిపోయాయి. ఇలాంటి పని ఇంకో సంఘంలో ఎవరైనా తలపెడితే వాళ్లకి ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న టౌన్. సంఘంలో రెండు వందల కుటుంబాల దాకా ఉంటాయి. నేను గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని, పదకొండేళ్లుగా సండే స్కూల్ బాధ్యత కూడా నాదే.

2022 మే నెలలో వి.బి.ఎస్. బాగా జరిగింది. పది రోజులు, నూట నలభై మంది పిల్లలు. మన సంఘం పిల్లలే కాదు, వీధిలో అందరి పిల్లలూ వస్తారు. జూన్ నుంచి ఏడో తరగతి పాప ఒకమ్మాయి సండే స్కూల్‌కి రావడం మానేసింది. రెండు వారాలు చూశాను. మూడో వారం వాళ్లమ్మ రైతుబజార్లో కనపడితే, "పాపకి ఒంట్లో బాగా లేదా అమ్మా?" అని అడిగాను. ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్లి, ఏమీ మాట్లాడకుండా తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

వి.బి.ఎస్.లో యాక్షన్ సాంగ్స్ నేర్పిన అబ్బాయి పంపిన మెసేజ్‌లు. అతనికి ఇరవై ఆరేళ్లు ఉంటాయి. అన్నీ రాత్రి పదకొండు దాటాక వచ్చినవే. "పడుకున్నావా?" "రేపు పసుపు డ్రెస్ వేసుకురా." "నీ ఫోటో ఒకటి పంపవా?" ఆఖరిది, "అమ్మకి చెప్పకు." ఆ నాలుగు మాటలు ఇప్పటికీ ఆ ఫోన్ తెర మీద ఎలా ఉన్నాయో అలాగే నాకు కనిపిస్తాయి. అతన్ని పిల్లల ముందు నిలబెట్టింది నేనే. "అన్నయ్య చెప్పినట్టు చెయ్యండి" అని ఆ పిల్లలకి మైకులో చెప్పింది కూడా నేనే.

విషయం ఇద్దరు సంఘ పెద్దలకి అప్పటికే తెలుసట. అతన్ని పిలిచి మందలించారు, ప్రార్థన చేసి పంపించారు. తర్వాతి ఆదివారం నుంచి అతను మా మందిరానికి రాలేదు. పక్క ఊళ్లో ఇంకో సంఘానికి వెళ్తున్నాడని, అక్కడ సండే స్కూల్ పిల్లలకి పాటలు నేర్పుతున్నాడని జూలైలో తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్కూల్లో మాకు పోక్సో చట్టం మీద, అంటే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం మీద, ట్రైనింగ్ ఇచ్చారు. ఆ ఫైల్ బీరువాలోంచి తీసి మళ్లీ చదివాను. 2012లో వచ్చిన ఈ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరూ బాలలే. లైంగిక ఉద్దేశంతో ఒక బిడ్డని పదేపదే ఫోన్ ద్వారానైనా సరే పలకరిస్తూ వెంటపడటం సెక్షన్ 11 కింద నేరం. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు శిక్ష. సంస్థని నడిపే బాధ్యతలో ఉన్నవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయం చెప్పకపోతే ఏడాది వరకు. మత సంస్థ నిర్వహణలో ఉన్నవాళ్లు గానీ, సిబ్బంది గానీ అక్కడి బిడ్డ మీదే అఘాయిత్యం చేస్తే దాన్ని మామూలు నేరం కంటే తీవ్రమైనదిగా లెక్కిస్తారు.

స్కూల్లో కూర్చుని విన్నప్పుడు ఇవన్నీ బడి గురించే అనుకున్నాను. నా మందిరం గురించి కూడానని అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఫైల్ పట్టుకుని పాస్టర్ గారింటికి వెళ్లాను. అయ్యగారికి అప్పటిదాకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు. చదివి చాలాసేపు తల దించుకుని కూర్చున్నారు. తర్వాత ఆ ఇద్దరు పెద్దల్నీ పిలిపించారు. వాళ్లలో ఒకాయన కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం తీశారు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకి వెళ్లడమేమిటి, దానికన్నా నష్టం సహించడం మేలు కదా అని అందులో ఉంటుంది. మన విషయాల్లో ఈ మాట ఎన్నిసార్లు అడ్డం వస్తుందో సంఘాల్లో తిరిగేవాళ్లకి తెలుసు. అయ్యగారు నెమ్మదిగానే జవాబు చెప్పారు. "అది పెద్దవాళ్ల మధ్య తగాదాల గురించి అన్నా. నా నష్టం నేను సహించొచ్చు. ఆ బిడ్డకి జరిగిన నష్టాన్ని సహించడానికి మనమెవరం?" అన్నారు. ఆ మాట తర్వాత ఆ గదిలో ఇంకెవరూ వాదించలేదు.

పాప వాళ్లమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల, రేపు పెళ్లి కావాల్సిన పిల్ల, పరువు పోతుందని ఏడ్చింది. చట్టం తల్లిదండ్రుల అనుమతి కోసం ఆగమని చెప్పదు. అయ్యగారు, నేను కలిసి స్టేషన్‌కి వెళ్లి మాకు తెలిసింది తెలిసినట్టు రాసిచ్చాం. పాప దగ్గరికి మహిళా ఎస్సై వచ్చారు, స్టేషన్‌కి రమ్మనలేదు. ఇంటికే, మామూలు చీరలో వచ్చి, వాళ్లమ్మ పక్కన ఉండగానే మాట్లాడారు. చట్టం కూడా అలాగే చెయ్యమంటుంది. పక్క ఊరి పాస్టర్ గారికి అయ్యగారే స్వయంగా వెళ్లి చెప్పి వచ్చారు. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను. పాప ఆనవాలు పట్టే ఒక్క మాట కూడా బయటపెట్టకూడదు. వాళ్లమ్మ నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. ఆవిడ బాధ కూడా నిజమే.

ఆ నెలలోనే కమిటీలో అడిగాను, వాలంటీర్లందరికీ రాతపూర్వకంగా నియమాలు ఉండాలని. సరే రాయండి అన్నారు.

మా పిన్ని కూతురు ఇంగ్లండ్‌లో నర్సు. అక్కడ చర్చిలో చిన్నపిల్లల క్లాసులో సాయం చేస్తానంటే ముందు డీబీఎస్ చెక్ చేయించారట. అంటే పాత నేరాల రికార్డు ఉందేమో చూడటం. వాలంటీర్లకి దానికి ఫీజు కూడా తీసుకోరట. తన చర్చి పాలసీ నాకు పంపింది. ఇంగ్లిష్‌లో నలభై పేజీలు. మొత్తం చదివాను. మంచి విషయాలు చాలా ఉన్నాయి గానీ, మా ఇబ్బందులు అందులో లేవు. మా బాత్రూమ్ మందిరం వెనక, చింతచెట్టు అవతల ఉంటుంది, సాయంత్రమైతే అటు లైటు ఉండదు. క్రిస్మస్ నాటకానికి దేవదూతల డ్రెస్సులు వేసుకోవడానికి ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపి ఒకటే గది. కన్వెన్షన్‌కి వెళ్తే ట్రక్ ఆటోలో ముప్పై మంది, ఎవరి ఒళ్లో ఎవరు కూర్చున్నారో చూసేవాళ్లుండరు. డిసెంబర్ క్యారల్స్ అయితే రాత్రి ఒంటిగంట దాకా, ఆరేడేళ్ల పిల్లలు కూడా నిద్రకళ్లతో వీధులన్నీ తిరుగుతారు. పెద్ద సంఘాల పాలసీని యథాతథంగా తెచ్చి పెట్టుకుందామనుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే. ముందు ఒక ఆదివారం మీ మందిరం చుట్టూ నడవండి. పిల్లలు ఎక్కడెక్కడ ఒంటరిగా పడతారో చూసి రాసుకోండి. మీ కాగితానికి అదే పునాది.

నా మొదటి ప్రతికి "బాలల పరిరక్షణా విధాన అంగీకార పత్రము" అని పేరు పెట్టాను. పాస్టరమ్మ గారు చదివి, "టీచర్ గారూ, చిన్నపిల్లల క్లాసు చెప్పే మన అక్క ఏడో తరగతి వరకే చదివింది. ఆమెకి అర్థమయ్యేలా రాస్తేనే కదా ఆమె మాట ఇచ్చినట్టు" అన్నారు. ఆ ఒక్క మాటతో కాగితమంతా మళ్లీ రాశాను. పేరు "పిల్లల కోసం నేనిచ్చే మాట" అయింది. ప్రతి వాక్యం నేను అని మొదలవుతుంది. నేను ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండను. నేను పిల్లలకి నేరుగా మెసేజ్ చేయను, చెప్పాల్సింది అమ్మానాన్నల ఫోన్‌కే చెప్తాను. నేను పిల్లల ఫోటోలు నా స్టేటస్‌లో పెట్టను. నేను ఒక్క బిడ్డకే చాటుగా బహుమతులివ్వను. నేను ఏ బిడ్డతోనూ "ఇది ఎవరికీ చెప్పకు" అనను.

ఈ ఆఖరి వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అది రాసేటప్పుడు చేయి వణికింది.

"లైంగిక వేధింపు" అన్న మాట కాగితంలో ఉండకూడదని ఇద్దరు పట్టుబట్టారు. మందిరంలో చదివే కాగితంలో అలాంటి మాటేమిటని. "చెడు ప్రవర్తన" అని రాస్తే చాలదా అన్నారు. చాలదు అన్నాను. చెడు ప్రవర్తన అంటే ఒకరికి సిగరెట్, ఇంకొకరికి సినిమా. పేరు పెట్టి చెప్పకపోతే రేపు ఒక బిడ్డ వచ్చి చెప్పినప్పుడు వినే టీచరుకి కూడా నోట మాట రాదు. ఆ మాట అలాగే ఉంచాం. బెత్తం గురించి కూడా కాసేపు వాదన నడిచింది, బైబిల్లో సామెతల గ్రంథంలో బెత్తం వాడమన్న మాట చూపించారు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది, బడిలో చేయకూడనిది గుడిలో ఎలా చేస్తామని అడిగితే ఒప్పుకున్నారు. చేతులుంచి ప్రార్థించడం మాత్రం ఆపలేదు. తల మీద చెయ్యి పెట్టి, అందరి ఎదుట, బిడ్డ ఇష్టపడితేనే అని రాశాం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది ఒకే ఒక వాక్యం. ఏదైనా అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? కమిటీ వాళ్లు "పాస్టర్ గారికి తెలియజేయాలి" అని రాశారు. మూడు వారాలు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాం. నాలుగో వారం ధైర్యం చేసి అడిగాను, "అనుమానం పాస్టర్ గారి మీదో, వాళ్లింట్లో మనిషి మీదో అయితే?" అని. మా అయ్యగారు ఎదురుగానే కూర్చున్నారు. ఆయన మంచివారు, అందుకే ఆ ప్రశ్న అడగడం ఇంకా కష్టమైంది. ఒక పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. అయ్యగారు ఆయన్ని కూర్చోమని సైగ చేసి, "అదే రాయండి టీచర్ గారూ. నేను వెళ్లిపోయాక ఇంకో పాస్టర్ వస్తారు, ఆయన ఎలాంటివారో ఈ రోజు మనకి తెలియదు కదా" అన్నారు. అందుకని ఇద్దరి పేర్లు రాశాం. స్త్రీల సమాజం నుంచి ఒకరు, కమిటీలో లేని మగాయన ఒకరు, వాళ్ల ఫోన్ నంబర్లతో. కింద పెద్ద అక్షరాల్లో చైల్డ్‌లైన్ 1098, ఎమర్జెన్సీ 112. దాని కింద ఈ వాక్యం: "సంఘంలో ఎవరికో ఒకరికి చెప్పినంత మాత్రాన నా బాధ్యత తీరదు. పోలీసులకి చెప్పడం చట్టప్రకారం నా పని." మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని సెక్షన్ 19లోనే ఉంది, అది కూడా చేర్చాం. చాలామంది భయం అక్కడే ఉంటుంది.

మొదటి సంతకం అయ్యగారు పెట్టారు, ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందు. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయం చదివారు, చిన్నవారిని పడగొట్టేవాడి మెడకి తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలు అన్న మాట. పిల్లల క్లాసుకి ఎప్పుడూ రాని పాస్టరమ్మ గారు కూడా పెట్టారు. పెద్దవాళ్లు ముందు పెట్టి ఉండకపోతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లే ముఖం నాకుండేది కాదు.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. కాగితం చేతికిచ్చి సంతకం తీసుకోవడం వద్దనుకున్నాను. కూర్చుని, మొత్తం చదివి వినిపించి, ప్రశ్నలడిగితే చెప్పి, రెండు రోజులు ఇంట్లో ఉంచుకోమని వచ్చేదాన్ని.

మా మాస్టారి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. డెబ్బై ఒకటో ఏడు. ముప్పై నాలుగేళ్లుగా పెద్దపిల్లల క్లాసు ఆయనదే, నాకు కూడా కంఠత వాక్యాలు నేర్పింది ఆయనే. మొదటిసారి అరుగు మీద కూర్చుని చదువుతుంటే నాలుగో వాక్యం దగ్గర ఆపమన్నారు. "అమ్మా, ఈ పిల్లల అమ్మానాన్నలకి కూడా పాఠం చెప్పినవాణ్ణి. ఈ వయసులో నన్ను అనుమానిస్తున్నారా?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఏమీ చెప్పలేక కాఫీ తాగి వచ్చేశాను.

రెండోసారి, ఏం జరిగిందో పేర్లు లేకుండా చెప్పాను. "మీరు సంతకం పెడితే, పెట్టనన్నవాణ్ణి ఎందుకని అడగగలను మాస్టారూ. మీరొక్కరు మినహాయింపైతే రేపు ప్రతివాడూ నేనూ మంచివాణ్ణే కదా అంటాడు. ఎవరు మంచివాళ్లో మొహం చూసి చెప్పగలిగితే ఆ రోజు మైకు అతని చేతికిచ్చేదాన్నా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మూడోసారి వెళ్లేసరికి కాగితం మడత విప్పి, పేపర్ వెయిట్ కింద పెట్టి ఉంది. ఆకుపచ్చ సిరాతో పొడుగు సంతకం. మార్జిన్‌లో ఒక మాట రాశారు: "క్లాసు గది తలుపు?"

మా పెద్దపిల్లల గదికి చెక్క తలుపు, గాలికి దానంతటదే మూసుకుపోతుంది. మూసిన గదిలో ఉండనని మాట ఇస్తే ఆ తలుపు సంగతేమిటని ఆయన ప్రశ్న. నాకు తట్టనే లేదు. ఆ శనివారం ఆయనే వడ్రంగిని తీసుకొచ్చి, తలుపు పై భాగంలో మూరెడు చదరం కోయించి అద్దం పెట్టించారు. పక్కనే కుర్చీ వేసుకుని రంపంపొట్టు మీద పడుతున్నా కదలకుండా కూర్చుని చూసుకున్నారు. కానుకల డబ్బు వద్దన్నారు, పెన్షన్‌లోంచే ఇచ్చారు.

ఇంటర్ చదివే పిల్లల సంగతి వేరే చూడాల్సి వచ్చింది. వి.బి.ఎస్.లో సగం పని వాళ్లదే. కానీ పదహారు, పదిహేడేళ్లంటే చట్టం దృష్టిలో వాళ్లూ బాలలే. వాళ్ల కాగితం మీద అమ్మగానీ నాన్నగానీ కూడా సంతకం చేయాలి. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలన్న లెక్కలో వాళ్లని కలపకూడదు. వాళ్లకి కూడా రక్షణ కావాలి.

కొత్తగా వచ్చేవాళ్ల విషయంలో, ఇంతకుముందు ఏ సంఘంలో ఉన్నారో రాయించుకుని ఆ పాస్టర్ గారికి ఫోన్ చేయడం తప్పనిసరి చేశాం. పిల్లలతో తరచూ పనిచేసే సంస్థలు తమవాళ్లకి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020లో వచ్చిన పోక్సో నియమాలు చెప్తున్నాయి. దాన్ని కూడా మొదలుపెట్టాం, ఇంకా అందరిదీ పూర్తి కాలేదు. ఎవరైనా మన దగ్గరినుంచి వెళ్లినవాళ్ల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తామని కూడా కమిటీ తీర్మానం రాసింది. అతను పక్క ఊరికి వెళ్లి పిల్లల ముందు నిలబడ్డ ఆ నెల రోజులు ఎవరూ ఒక ఫోన్ చేయలేదు, వాళ్లూ చేయలేదు, మేమూ చేయలేదు.

2023 మే వి.బి.ఎస్.కి ముందు రెండు గంటలు అందర్నీ కూర్చోబెట్టి, ఒక బిడ్డ ఏదైనా చెప్తే ఏం చేయాలో చేసి చూపించాం. గుచ్చి గుచ్చి అడగొద్దు. "అబద్ధం కదా?" అనొద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. బిడ్డ ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలే, తేదీ, టైము వేసి రాయండి. ఆ వి.బి.ఎస్. ఆరో రోజే దాని అవసరం పడింది. మా మందిరానికి సంబంధం లేని విషయం, ఒక బిడ్డ ఇంట్లోది. విన్నది ఆ ఏడో తరగతి చదివిన అక్కే. నోటుపుస్తకం చివరి పేజీలో ఐదు లైన్లు రాసుకుని, మజ్జిగ పంచే టైములో నా దగ్గరికి వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి. "నేనేం అడగలేదు టీచర్ గారూ, విన్నానంతే" అంది. అక్కడినుంచే 1098కి చేశాం.

ముగ్గురు సంతకం పెట్టలేదు. ఇద్దరు పని ఒత్తిడి అని తప్పుకున్నారు. మూడో ఆయన కీబోర్డు వాయిస్తారు, పిల్లలకి ఆయనంటే ప్రాణం, ఇది అవమానం అని ఇప్పటికీ అంటారు. ఆరాధనలో వాయిస్తున్నారు గానీ పిల్లల ప్రాక్టీసుకి రారు. పిల్లలు నన్నడుగుతారు. నేను ఆయన్ని ప్రతి జనవరిలో, సంతకాలు మళ్లీ తీసుకునేటప్పుడు, వెళ్లి అడుగుతాను.

వచ్చే ఆదివారం క్యారల్స్ లిస్టు మొదలవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలు తొమ్మిదిన్నరకల్లా ఇంటి గుమ్మంలో ఉండాలి, ప్రతి ఆటోలో ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరు ఆడమనిషి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పేర్లు పిలవాలి. పోయినేడు చివరి వీధిలో ఒక పేరు పిలిస్తే పలకలేదు, చూస్తే ఆ పిల్లాడు పాస్టరమ్మ గారి భుజం మీద నిద్రపోతున్నాడు. చింతచెట్టు దగ్గర లైటు కూడా వేయించాం. బల్బు మొన్న గాలికి పోయింది, మార్పించాలి.